మా అల్లుడుగారి అటక

అమెరికా వెళ్ళినవాళ్ళు నయాగరా జలపాతం చూసి వస్తారు. నేను మాత్రం నిరుడు వేసవిలో మూడు నెలలూ ఒక కొట్టం పైకప్పు గురించి వాదించి వచ్చాను. నవ్వకండి. ఆ వాదన మధ్యలో మా ఆవిడ పెట్టె వుంది.

ఆవిడ పోయి ఆరేళ్ళయింది. కాపురానికి వచ్చిన నాటినుంచి వారపత్రికల్లో వచ్చే సీరియల్ నవలలను వారం వారం కత్తిరించి, కుట్టి, అట్టలు వేయించి దాచుకున్నది. ముప్ఫయి ఎనిమిది సంపుటాలు. తెనాలిలో ఇల్లు అమ్మినప్పుడు అమ్మాయి వాటిని వదలనని పట్టుబట్టి, రెండు ప్రయాణాల్లో మిన్నెసోటా చేర్చింది. అక్కడ ఒక ఇనప్పెట్టె కొని సర్దింది. ఇంట్లో అది అడ్డం. “కొట్టం కడుతున్నాంగా నాన్నా, దాని అటకమీద పెడదాం” అన్నది.

కొట్టమంటే మన పశువుల కొట్టం కాదు. వాళ్ళు ‘పోల్ బార్న్’ అంటారు. మందు పట్టించిన కొయ్య స్తంభాలను, చలికాలంలో నేల గడ్డకట్టే లోతుకన్న కిందికి పాతి, అడ్డపట్టీలు కొట్టి, రేకులు తొడుగుతారు. 1930ల మాంద్యపు రోజుల్లో అక్కడి రైతులకు చౌకగా కొట్టాలు కావలసివచ్చి ఈ పద్ధతి వ్యాపించింది. మన తాటాకుపాకకు చెల్లెలన్నమాట. అయితే పాకకు నడుమ నిట్రాట వుంటుంది. వీరికి నడుమ ఏదీ అడ్డు వుండకూడదు, ట్రాక్టరు తిరగాలి. అందుకని ఈ గోడనుంచి ఆ గోడకు ఒక్క అంగలో దాటే ముక్కోణపు కొయ్య చట్రాలు ఎక్కిస్తారు. వాటినే ట్రస్సులంటారు.

అల్లుడుగారి కొట్టం 30 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు. కింద ట్రాక్టరు, వడ్రంగి బల్ల. మంచు కురిసే రోజుల్లో కూడా పని చేసుకోవాలి గనుక లోపల వెచ్చగా వుండాలి. పైన అటక కావాలి. ట్రస్సులకు ఆర్డరు ఇవ్వడానికి వారం రోజుల గడువుంది.

“అన్నిటికన్న చవకది ఇదీ మామయ్యగారూ” అని కాగితం నా ముందు పెట్టారు. “ఎనిమిదేసి అడుగులకు ఒకటి. పైన నాలుగు చెక్కలు పరిస్తే అటక అయిపోతుందని అమ్మేవాడే చెప్పాడు.”

ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పిన ప్రాణం వూరుకుంటుందా? కాగితం అడుగున చిన్న అక్షరాలు చదివాను. కిందికర్ర మోయగల బరువు చదరపు అడుగుకి 5 పౌండ్లు! కింద కొట్టే సీలింగుకూ, దానిమీద పరిచే దూదికీ అది సరిపోతుంది. పెట్టెలకు ఏది మిగిలింది?

ట్రస్సు సంగతి తమాషాగా వుంటుంది. వాలుగా వున్న రెండు పైకర్రలూ మంచు బరువుకు పక్కలకు జారిపోబోతే, కిందికర్ర వాటిని లాగి పట్టుకుంటుంది. అది వింటికి నారి వంటిది. నారిని ఎంత లాగినా తట్టుకుంటుంది గాని, దానిమీద ఎక్కి కూర్చుంటే? కీళ్ళన్నిటికీ పళ్ళున్న ఇనుప రేకులు దిగ్గొట్టి వుంటాయి. 1955లో ఫ్లోరిడాలో కాల్విన్ జూరిట్ అనే ఇంజనీరు కనిపెట్టిన పళ్ళరేకుతో ఈ పని ఫ్యాక్టరీకెక్కింది. ఏ కర్ర ఎంత మొయ్యాలో ఇంజనీరు లెక్క కట్టి సంతకం పెట్టాకే తయారు చేస్తారు. ఆ తరువాత అడ్డం వచ్చిందని ఒక్క కర్ర కోసినా లెక్క తప్పుతుంది. అంటే అటక సంగతి ఆర్డరు ఇచ్చే ముందే తేలిపోవాలి.

అల్లుడుగారికి నా మాట పూర్తిగా ఎక్కలేదు. (లెక్కల మాష్టర్ల మాట ఇంట్లో ఎవరికి ఎక్కింది గనుక!) ఆ సాయంకాలం పక్క పొలం రైతు తన కారుషెడ్డు చూపించాడు. మామూలు ట్రస్సుల మీద చెక్కలు పరిచి, ఏళ్ళ తరబడి సామాన్లు ఎక్కించాడట. సీలింగు నడుమ అరచెయ్యి లోతున దిగివుంది. ఆయన పైకి చూసి భుజాలెగరేశాడు. తిరిగి వస్తూ అల్లుడుగారు దారంతా మాట్లాడలేదు.

మర్నాడు ‘అటక ట్రస్సు’ బొమ్మ తెప్పించారు. దాని నడుమ అడ్డకర్రలుండవు, ఒక గది ఖాళీగా వుంటుంది. కిందికర్ర నాలుగంగుళాలది కాదు, పన్నెండంగుళాలది. రెండేసి అడుగులకు ఒకటి చొప్పున, స్తంభాల మధ్య బిగించిన అడ్డదూలాలమీద కూర్చుంటుంది. వాలు కూడా పెంచాలి. 12 అంగుళాలు అడ్డంగా పోతే 4 అంగుళాలు లేచే కప్పు కింద, 30 అడుగుల వెడల్పుకు శిఖరం 5 అడుగులే, అక్కడ పాకవలసిందే. 8 అంగుళాలు లేస్తే శిఖరం 10 అడుగులు. నడుమ పదడుగుల వెడల్పున మనిషి నిలబడవచ్చు.

బరువెంత? సామాన్లు కొద్దిగా పెట్టే అటకకు 20 పౌండ్లు, మనుషులు మసలే అటకకు 30, హాలు వంటి గదికి 40 అని అక్కడి ఇళ్ళ నిబంధన. అమ్మాయికి ఈ పౌండ్లు బోధపడలేదు. “25 కిలోల బియ్యం బస్తా పడుకోబెడితే ఇంచుమించు మూడు చదరపు అడుగులు పడుతుంది. 20 పౌండ్లంటే ఒక్క వరుస. 40 అయితే రెండు” అన్నాను. “అలా చెప్పరేం నాన్నా!” అంది. 40కే ఖాయం చేశాం.

ఇక వెచ్చదనం. ఆ దూది దేనితో చేస్తారో తెలుసా? పాత వార్తాపత్రికలను పీచుగా చేసి, నిప్పంటకుండా మందు కలిపి, గొట్టంతో వూదుతారు. మా ఆవిడ వింటే ఏమనేదో! పద్నాలుగు అంగుళాల మందం కావాలి. మామూలు ట్రస్సు చూరు దగ్గర, గోడమీద, నాలుగైదంగుళాలకు సన్నబడుతుంది. దూది అక్కడ నలిగిపోతుంది. చలి సరిగ్గా అక్కడే దూరుతుంది. మడమ ఎత్తిన ట్రస్సులని వుంటాయి. గోడమీద పదహారంగుళాలు నిలబడి తరువాత వాలుతాయి. దూది చివరికంటా నిండుగా వుంటుంది, పైన గాలి ఆడడానికి రెండంగుళాల సందు మిగులుతుంది. ఆ సందు అత్యవసరం. కింది వెచ్చని తేమగాలి పైకెక్కి చల్లటి రేకును తాకితే చెమట పట్టి చుక్కలు రాలుతుంది. అందుకే సీలింగుపైన ప్లాస్టిక్ గుడ్డ, చూరులోనూ శిఖరంలోనూ గాలిసందులు.

ఇంతవరకు బాగానే వుంది. అటక నేలలో దూది నింపితే కింద వెచ్చగా వుంటుంది, పైన మాత్రం బయటి చలే. వేసవిలో వేడే. అటువంటి చోట కాగితం ఎన్నాళ్ళు బతుకుతుంది? గది చుట్టూ కూడా దూది నింపవచ్చు గాని, ఖర్చు మళ్ళీ పెరుగుతుంది. అప్పటికే చవక ట్రస్సుకూ దీనికీ తేడాతో ఒక పాత కారు వచ్చేటట్టుంది. పైగా నిండు పుస్తకాల పెట్టె, రెండడుగుల ఎత్తుది, చదరపు అడుగుకి అరవై పౌండ్లు దాటుతుంది.

“ఇంత గొడవా చేసి, చివరికి అమ్మ పెట్టె పైన పెట్టకూడదంటారా?” అన్నది అమ్మాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనేమీ అనలేకపోయాను. అల్లుడుగారే లేచి, మా గది మంచాన్ని ఒక మూలకు జరిపి, కొలిచి చూశారు.

చివరికి పొడవులో సగానికే, 24 అడుగులకే, అటక ట్రస్సులు తెప్పించారు. మిగతా సగానికి అదే వాలులో, అదే మడమతో మామూలువి. ఖర్చు కలిసివచ్చింది. నేను వచ్చే ముందు వారం పెద్ద లారీ వచ్చి, క్రేనుతో ఒక్క పూటలో అన్నీ ఎక్కించారు. అటక మెట్ల పక్కన మా మనుమరాలు వంకర తెలుగక్షరాలతో ఒక అట్ట తగిలించింది: “బస్తాలు రెండు వరుసలే. తాతయ్య.”

పెట్టె నా మంచం కింద వుంది. రాత్రి పూట ఒక్కొక్క సంపుటమే తీసి, ఏడు పూర్తి చేసి వచ్చాను. ఎనిమిదోదానిలో రెండు వారాల భాగాలు కనిపించడంలేదు.