నిండుసున్న

తెలుగు లిపిలో సున్నలు రెండు: అరసున్న, నిండుసున్న. ఏమీ లేని సున్న నిండుగా ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, తెలుగు పాఠాలు చెప్పుకునే నేను అక్షరం రాసి చూపించి తప్పించుకోగలను. కాని 1958లో ఆకాశంలో నిజంగానే ఒక నిండుసున్న పడింది. ఆ కథ వినదగ్గది.

ఆ ఏడు జనవరి 31 రాత్రి అమెరికావారు తమ మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1ను కేప్ కెనావరల్ నుంచి పంపారు. పట్టుమని 14 కిలోలైనా లేదు. అయోవా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యులు జేమ్స్ వాన్ అలెన్, ఆయన శిష్యులు కలిసి అందులో ఒక గైగర్ గొట్టం అమర్చారు. రోదసి నుంచి వచ్చే విశ్వకిరణాలను లెక్కపెట్టడం దాని పని. సెకనుకు సుమారు 30 తగులుతాయని అంచనా. భూమికి దగ్గరగా ఉన్నంతసేపూ ఇంచుమించు అంతే తగిలాయి. దక్షిణ అమెరికా మీదుగా 2,000 కిలోమీటర్ల ఎత్తు దాటేసరికి మాత్రం లెక్క సున్న!

సాధనం పాడైందా? అక్కడ కిరణాలే లేవా? ఏదైనా గ్రాహక కేంద్రం మీదుగా పోయే కొద్ది నిమిషాలే ఉపగ్రహం మాట వినబడేది, అదీ చిక్కు. మార్చి 26న వెళ్ళిన ఎక్స్‌ప్లోరర్-3లో టేపు రికార్డరు పెట్టారు. ప్రదక్షిణం పొడుగునా జరిగిందంతా అది దాచుకుని, అడిగినప్పుడు అప్పజెప్పింది. చూస్తే, మొదట మామూలు లెక్క, తర్వాత చరచరా పెరుగుదల, ఆపైన సున్న. దిగివచ్చేటప్పుడు అదే వరస తలకిందులుగా. పాడైన సాధనం ఇంత పద్ధతిగా పాడై, ఇంత పద్ధతిగా బాగుపడదు గదా!

శిష్యుల్లో ఒకరైన కార్ల్ మెకిల్వేన్ అలాంటి గొట్టాన్నే ఎక్స్‌రే యంత్రం ముందు పెట్టి చూశారు. కిరణాలు మితిమీరగానే అది లెక్క మానేసింది. పుష్కరాలనాడు రేవు మెట్ల మీద ఒక మనిషిని నిలబెట్టి, స్నానానికి దిగేవారిని లెక్కపెట్టమన్నామనుకోండి. ఒకరి వెనక ఒకరు వస్తే గీతలు గీస్తాడు. వేలమంది ఒక్కుమ్మడిగా తోసుకువస్తే అతని చీటీ మీద ఒక్క గీతైనా పడదు. గైగర్ గొట్టమూ అంతే. ఒక కణాన్ని లెక్కించాక తేరుకోవడానికి దానికి రవంత వ్యవధి కావాలి. అది దొరకక మూగబోయింది. కిరణాలు లేక కాదు, వెల్లువై రాబట్టి!

1958 మే 1న వాన్ అలెన్ వాషింగ్టన్‌లో ఈ సంగతి ప్రకటించారు. భూమి తన అయస్కాంతశక్తితో విద్యుదావేశం ఉన్న కణాలను పట్టి, చుట్టూ తిప్పుకుంటున్నది. డిసెంబరులో లక్ష కిలోమీటర్ల దూరం వెళ్ళివచ్చిన పయొనీర్-3 వల్ల, వెలుపల ఇంకొక మేఖల ఉన్నదని తేలింది. లోపలిదానిలో ముఖ్యంగా ప్రోటాన్లు, వెలుపలిదానిలో ఎలక్ట్రాన్లు. భూదేవికి రెండు వడ్డాణాలన్నమాట!

అయితే ఇవి ముచ్చటకు పెట్టుకున్న నగలు కావు. అక్కడ ఎక్కువసేపు నిలిచిన మనిషికీ, యంత్రానికీ చేటే. 1968 మొదలుకొని చంద్రుడి దగ్గరికి పోయిన అపోలో యాత్రికులు, వాటి దట్టమైన భాగాన్ని తప్పించి, కొద్ది గంటల్లో దాటిపోయారు. ఆనాటి సున్నను వట్టి సున్నగా రాసుకుని ఊరుకుంటే, ఆ దారి నిర్భయమని నమ్మేవారేమో! 2012లో వెళ్ళి, 2019 దాకా ఈ మేఖలలను కొలిచిన జంట నౌకలకు వాన్ అలెన్ పేరే పెట్టారు.

తెల్లకాగితం ఇచ్చి లేచిపోయిన కుర్రవాడికి సున్న వేయక నాకు తప్పదు. కాని వేసేముందు ఈ మధ్య నా కలం ఒక్క క్షణం ఆగుతున్నది: ఇది వట్టి సున్నా, నిండుసున్నా అని.