చేతితో చేసిన సైకిలు

మిత్రులతో సైకిళ్లపై మేడ్చల్ వెళ్లుచు కండ్లకోయలో ఒక మరమ్మతు దుకాణము వద్ద ఆగితిమి. మాలో పొడగరికి మోకాళ్ల నొప్పి. అంగడిలో కొన్న ఆ సైకిలు అతనికి పొట్టి.

ఇట్టివారికే చేతిసైకిలు. 2005లో డాన్ వాకర్ అను పనివాడు అమెరికాలోని హ్యూస్టన్ నగరమున అట్టి సైకిళ్లకొక ప్రదర్శన ఆరంభించెను. ఈ పనివారు దర్జీవలె మనిషి కొలతలు తీసికొని, ఉక్కుగొట్టములు కోసి, కరగిన ఇత్తడితో అతుకుదురు. ఉక్కుకంటె ఇత్తడి తక్కువ వేడికే కరగును. కావున గొట్టము కరగదు. మంట మితిమీరెనా, గొట్టము బలము తగ్గును. నేర్పంతయు అక్కడనే.

"హ్యూస్టన్ దాక పోవలెనా?" అని మిత్రుడు నిట్టూర్చెను.

మేస్త్రీ మాట్లాడక సీటు రెండంగుళములు పైకెత్తి బిగించెను. పెడలు అడుగునకు దిగినపుడు మోకాలు కొంచెమే వంగవలెనట! మేడ్చల్ చేరువరకు మిత్రుడు నొప్పి మాట ఎత్తలేదు. చట్రము మాత్రము పొట్టిదే.