నాలుగు శిఖరాల గుర్రపు లాడం
(రేడియో ప్రసంగ పాఠం)



స్నోడన్ పేరు బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళలో వినని వాళ్ళు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు రైలెక్కించి పైకి తీసుకెళ్ళే కొండ అదే. ఆ బుల్లి రైలు 1896లో మొదలైంది. వేల్స్ వాళ్ళు వాళ్ళ భాషలో ఆ కొండని 'అర్ విద్వా' అంటారు. 2022 నవంబరులో అక్కడి నేషనల్ పార్కు వాళ్ళు ఇకమీదట ఆ పేరే ముందు వాడాలని తీర్మానించారు కూడా. సమాధి దిబ్బ అని దానికి అర్థం. ఆర్థర్ రాజు ఒక రాక్షసుణ్ణి చంపి శిఖరం మీద పూడ్చాడని కథ.

రైలు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఈ రోజు దాని జోలికి పోను. అదే కొండని చుట్టుముట్టి వచ్చే ఒక నడక ఉంది, దాన్ని స్నోడన్ హార్స్‌షూ అంటారు. అంటే గుర్రపు లాడం. పేరు చక్కగా కుదిరింది. బయల్దేరిన చోటికే తిరిగి వస్తాం, మధ్యలో నాలుగు శిఖరాలు దాటుతాం. క్రీబ్ గోఖ్ 923 మీటర్లు, గార్నెద్ ఇగైన్ 1065, అర్ విద్వా 1085, చివర ల్లివెద్ 898. (ఈ 'ల్ల' మన ల కాదు, ళ కాదు. నాలుక పై పళ్ళకి ఆనించి పక్కల నుంచి గాలి ఊదాలి. పిల్లలకి సులువుగా వస్తుంది, మనకి రాదు.)

ఈ అంకెలు వినగానే మనవాళ్ళు నవ్వేస్తారు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ 1265 మీటర్లు, దాని మీదికి బస్సే వెళ్తుంది. అరకు లోయలో ఊరే 900 మీటర్ల ఎత్తున ఉంది. దూరం చూస్తే మొత్తం కలిపి 12 కిలోమీటర్ల లోపే. తిరుమలకి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన వాళ్ళం, ఇదొక లెక్కా అంటారు. లెక్కే, ఎందుకో చెప్తాను. అలిపిరి దారిలో ఒళ్ళు అలిసిపోతే ఏ మెట్టు మీదైనా కూర్చోవచ్చు, మరీ చాతకాకపోతే వచ్చిన మెట్లే దిగిపోవచ్చు. ఈ లాడం మీద ఆ వీలు కొన్ని చోట్లే ఉంటుంది. ఆ చోట్లు ఏవో ముందే తెలుసుకుని వెళ్ళడమే ఈ నడకలో అసలు విద్య. కండబలం దాని తర్వాతే.

ముందు ఆ కొండ అలా ఎందుకు తయారైందో చూద్దాం. మంచు యుగంలో ఈ ప్రాంతమంతా హిమానీనదాల కింద ఉండేది. మంచు ఒక కొండ పక్కన గుంటలో పేరుకుని, మెల్లిగా కిందికి జారుతూ, ఆ గుంటని గిన్నెలాగా తొలుస్తుంది. ఈ గిన్నెని వెల్ష్‌లో 'కుమ్' అంటారు. ఒకే కొండకి అటూ ఇటూ రెండు గిన్నెలు తొలిచాయనుకోండి, మధ్యలో మిగిలేది పల్చటి గోడ. క్రీబ్ గోఖ్ అలాంటి గోడే. దక్షిణం వైపు గిన్నెల్లో ఇప్పుడు గ్లాస్‌లిన్, ల్లిన్ ల్లిదవ్ అని రెండు చెరువులున్నాయి. ఆ చెరువుల చుట్టూ గోడలా నిలబడ్డ కొండవెన్నే మన లాడం.

బయల్దేరేది పెన్-ఇ-పాస్ నుంచి. అది 359 మీటర్ల ఎత్తులో ఉన్న కనుమ. కారు పార్కింగు చిన్నది, సీజన్‌లో ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకదు. కింద ఊళ్ళో కారు పెట్టి బస్సులో రావడం హాయి. అక్కణ్ణుంచి పిగ్ ట్రాక్ అనే రాళ్ళ దారి పట్టుకుని గంట లోపు నడిస్తే బుల్ఖ్ ఎ మోఖ్ అనే చోటు వస్తుంది. బుల్ఖ్ అంటే సరిగ్గా మన 'కనుమ'. ఇది పందుల కనుమ అన్నమాట.

ఈ చోటు పేరు రాసి పెట్టుకోండి. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. పిగ్ ట్రాక్ ఎదురుగా, దాదాపు సమంగా, కొండ పక్క వెంబడే సాగిపోతుంది. క్రీబ్ గోఖ్ దారి కుడి చేతి వైపు నిటారుగా పైకి పోతుంది. సూచిక ఉంది. అయినా మబ్బు పట్టినప్పుడు, ముందు ఎవరో వెళ్తున్నారు కదా అని వెనకే పోయేటప్పుడు, పొరపాటు జరగడం చాలా తేలిక. శిఖరానికి వెళ్ళాలి, శిఖరం పైనుంటుంది, ఈ దారి పైకి పోతోంది కాబట్టి ఇదే అయ్యుంటుంది అని మనసు చెప్తుంది. మామూలు దారిలోనే ఉన్నామనుకుంటూ క్రీబ్ గోఖ్ మీద తేలి, ముందుకీ వెనక్కీ కదల్లేక సాయం కోసం ఫోన్ చేసే వాళ్ళ గురించి అక్కడి రెస్క్యూ వాళ్ళు ఏటా చెప్తూనే ఉంటారు.

ఒక ఆగస్టులో నేను అక్కడ కూర్చుని మంచినీళ్ళు తాగుతుంటే నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. చదువుకోడానికి వచ్చిన వాళ్ళు, కాళ్ళకి జిమ్‌కి వేసుకునే బూట్లు, నలుగురికీ కలిపి ఒకటే సంచీ. నా మాట విని తెలుగువాణ్ణని పోల్చుకుని "అంకుల్, టాప్‌కి ఇదే కదా షార్ట్‌కట్" అని అడిగారు. వాళ్ళు చూపించింది క్రీబ్ గోఖ్‌నే. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించారు. నిజమే, గీత పొట్టిగానే ఉంది. కానీ ఆ గీత వెడల్పెంతో, అటూ ఇటూ ఏముందో ఆ మ్యాప్ చెప్పదు. చెప్పి చూశాను, పిగ్ ట్రాక్ మీద వెళ్ళారు. నేను క్రీబ్ గోఖ్ మీదుగా పైకి చేరేసరికి వాళ్ళు నా కంటే చాలా ముందే శిఖరం మీద కూర్చుని పులిహోర తింటున్నారు. షార్ట్‌కట్ ఏదో అప్పుడు వాళ్ళకి అర్థమైంది. నాకూ రెండు ముద్దలు పెట్టారు లెండి.

సరే, తెలిసే వెళ్తున్నాం అనుకుందాం. పందుల కనుమ నుంచి పైకి ఎక్కడం కాళ్ళతో సరిపోదు, చేతులు కూడా పెట్టాలి. దీన్ని స్క్రాంబ్లింగ్ అంటారు. కష్టాన్ని బట్టి మూడు తరగతులు చేశారు, ఇది మొదటి తరగతి. మొదటి తరగతి అనగానే తేలిక అనుకోకండి. తాడు లేకుండా మామూలుగా చేసేదని అర్థం, పడితే దెబ్బ తగలదని కాదు. పైగా ఎక్కేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో కళ్ళ ముందే కనిపిస్తుంది. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో కనిపించదు. అందుకే ఈ లాడాన్ని అందరూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో, క్రీబ్ గోఖ్‌తోనే మొదలుపెట్టి తిరుగుతారు. అందుకే పైకి ఎక్కేశాక భయమేసి వెనక్కి దిగుదామంటే, అది ముందుకు వెళ్ళడం కంటే కష్టమైన పని అవుతుంది. కాబట్టి నిర్ణయం కనుమ దగ్గరే జరగాలి. గాలి ఎక్కువగా ఉందా, రాయి తడిగా ఉందా, మబ్బు దిగిందా, మనలో ఎవరికైనా ఎత్తంటే కళ్ళు తిరుగుతాయా. ఒక్కదానికి అవునన్నా నేనైతే పిగ్ ట్రాకే పడతాను.

క్రీబ్ గోఖ్ అంటే ఎర్ర దువ్వెన. ఆ క్రీబ్ అన్న మాటకే కోడిపుంజు తురాయి అని కూడా అర్థముంది, నాకు ఆ పోలికే నచ్చుతుంది. పైకి చేరగానే ముందు పరుచుకునేది కొన్ని వందల మీటర్ల పొడవున పుంజు తురాయి లాంటి రాతి అంచు. కుడి పక్క ఉత్తరం వైపు ఒక్కసారిగా లోయ. ఎడమ పక్క వాలు కూడా నిటారే, కానీ అడుగు పెట్టడానికి మెట్ల లాంటి చోట్లున్నాయి. అలవాటైన వాళ్ళు సరిగ్గా అంచు మీద నడుస్తారు. మిగతా వాళ్ళు అంచుకి కాస్త కిందగా ఎడమ వైపు కాళ్ళు పెట్టి, అంచునే పిట్టగోడలా చేతులతో పట్టుకుని పోతారు. ఇందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు. చివర్లో మూడు రాతి మొనలు అడ్డం వస్తాయి, వాటిలో ఆఖరిది కాస్త ఎక్కించి దించుతుంది. అది దాటితే ఎర్ర కనుమ, గడ్డి మీద కూర్చోవచ్చు. బిస్కెట్ ప్యాకెట్ తీసేది అందరూ ఇక్కడే.

ఇంకో సంగతి. మన దేశంలో కొండంటే ఎండ, ఇక్కడ కొండంటే వాన. బ్రిటన్ మొత్తంలో అతి ఎక్కువ వాన కురిసే చోట్లలో క్రీబ్ గోఖ్ ఒకటి, ఏడాదికి సగటున 4,400 మిల్లీమీటర్లకి పైనే. హైదరాబాదులో పడేదానికి అయిదింతలు. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వంద మీటర్లకీ అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా చలి పెరుగుతుంది. గాలి దాని మీద అదనం. కింద టీ షర్టుతో బయల్దేరినా సంచీలో ఉన్ని టోపీ, చేతి తొడుగులు, వాన కోటు ఉండాల్సిందే, జూలైలో కూడా. జీన్స్ ప్యాంటు మాత్రం వద్దు, తడిస్తే ఆరదు.

ఎర్ర కనుమ దాటాక గార్నెద్ ఇగైన్ దాకా మళ్ళీ చేతులు పెట్టి ఎక్కాలి, కానీ భయం తగ్గుతుంది. అది దిగగానే బుల్ఖ్ గ్లాస్ అనే కనుమ, పక్కనే రైలు పట్టాలు. నిలువు రాయి ఒకటి పాతి ఉంటుంది. రెండోసారి నిర్ణయం తీసుకోవాల్సింది ఇక్కడ. పిగ్ ట్రాక్ కింది నుంచి వచ్చి ఇక్కడే కలుస్తుంది. టైము మించిపోయినా, ఎవరి మోకాలు నొప్పి పెడుతున్నా శిఖరం చూసుకుని వచ్చి, ఈ రాయి దగ్గర నుంచే దిగిపోవచ్చు. రైల్లో దిగుదామన్న ఆశ పెట్టుకోకండి. సీట్లు ముందుగా రానూపోనూ టికెట్ కొన్న వాళ్ళకి, అదీ రైలు నడిచే రోజుల్లో.

శిఖరం గురించి చెప్పేదేం లేదు, ఫోటో కోసం క్యూ ఉంటుంది.

టైము లెక్క చెప్తాను. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన ఒక సూత్రం చెప్పాడు. గంటకి మూడు మైళ్ళు, పైన ప్రతి రెండు వేల అడుగుల ఎక్కుడుకీ ఒక గంట కలపండి అని. 12 కిలోమీటర్లకి రెండున్నర గంటలు, ఎక్కుళ్ళన్నీ కలిపి వెయ్యి మీటర్లకి పైచిలుకు కాబట్టి మరో గంటా నలభై నిమిషాలు. నాలుగు గంటల్లో అయిపోవాలి. కానీ మామూలు వాళ్ళకి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఆ సూత్రం నడకకి, పాకుడుకి కాదు. రాతి అంచు మీద గంటకి మూడు మైళ్ళు ఎవరూ పోలేరు. పైగా ఇరుకు చోట్ల ముందు వాళ్ళు కదిలేదాకా ఆగాలి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడే ఊళ్ళో ఈ తేడా చిన్నది కాదు. చలికాలం రాళ్ళ మీద మంచు పడితే అది వేరే ఆట, ఐస్ గొడ్డలీ క్రాంపాన్లూ వాడటం వచ్చిన వాళ్ళదే.

శిఖరం నుంచి ల్లివెద్ వైపు దిగే వాట్కిన్ దారి పైభాగం నిటారుగా, వదులు రాళ్ళతో ఉంటుంది. 1892లో ఈ దారిని అప్పటి బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ వచ్చి ప్రారంభించాడు, ఎనభై రెండేళ్ళ వయసులో. నా ఉద్దేశంలో లాడం మొత్తంలో చిరాకు పెట్టే ముక్క ఇదే, రాయి మన కాలి కింద జారి ముందు దిగుతున్న వాళ్ళ మీదికి పోతుంది. దిగాక బాణాల కనుమ. ఆర్థర్ రాజు బాణాల దెబ్బకి ఇక్కడే కూలాడంటారు. ఇంకాస్త పోతే బుల్ఖ్ కిలియాయ్, మూడో నిర్ణయం. వాట్కిన్ దారి కుడి వైపు నాంత్ గ్వినాంత్ లోయలోకి దిగిపోతుంది. అటు దిగితే కారు ఉన్న చోటికి కాకుండా వేరే రోడ్డు మీద తేలతాం, కానీ ఒళ్ళు దక్కుతుంది, బస్సు దొరకవచ్చు.

ల్లివెద్ మీద ఎక్కుడు మరీ కష్టం కాదు. అయినా జాగ్రత్త ఇక్కడే ఎక్కువ కావాలంటాను. క్రీబ్ గోఖ్ మీద భయం మనల్ని కాపాడుతుంది, ప్రతి అడుగూ చూసి వేస్తాం. ఇక్కడికి వచ్చేసరికి ఆరు గంటలు నడిచి ఉంటాం, అయిపోయిందన్న ధీమా వస్తుంది. ఎడమ పక్క మూడు వందల మీటర్ల గోడ మాత్రం అలాగే ఉంటుంది. ఎవరెస్టు మీద పోయిన జార్జ్ మాలరీ కుర్రతనంలో రాళ్ళెక్కడం సాధన చేసిన గోడ అది.

కుటుంబంతో వెళ్ళే వాళ్ళు మనుషుల్ని మూడు జట్లు చేసుకుంటే ఎవరికీ లోటుండదు. పెద్దవాళ్ళు ల్లాన్‌బెరిస్ నుంచి రైలు. లాడం తిరిగే వాళ్ళు ఇద్దరికి తక్కువ కాకుండా, కనీసం ఒకరు ఇదివరకు తిరిగిన వాళ్ళు. అలాంటి వాళ్ళు లేకపోతే డబ్బిచ్చి మౌంటెన్ లీడర్‌గా అర్హత ఉన్న గైడ్‌ని పెట్టుకోండి, బూట్లకి పెట్టే ఖర్చు కంటే అది ముఖ్యం. మిగతా వాళ్ళు, పిల్లలు, మైనర్స్ ట్రాక్ మీద ల్లిన్ ల్లిదవ్ చెరువు దాకా. ఒకప్పుడు రాగి గనుల కోసం వేసిన బాట, దాదాపు చదునే. ఆ చెరువు ఒడ్డున నిలబడితే కుడి వైపు క్రీబ్ గోఖ్, ఎదురుగా శిఖరం, ఎడమ వైపు ల్లివెద్, లాడమంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. అంచు మీద చీమల్లా కదిలే మనుషుల్ని పిల్లలు లెక్కపెడుతూ కూర్చుంటారు.

ల్లివెద్ దిగిన వాళ్ళు వచ్చి కలిసేది కూడా ఈ చెరువు ఒడ్డునే. పొద్దున బయల్దేరేటప్పుడే, ఎన్నింటికల్లా వస్తారో, ఎన్నింటి దాకా చూడాలో కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళండి. కొండ మీద చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్ రాలేదంటే క్షేమమనీ కాదు, ప్రమాదమనీ కాదు. రాసిన టైము దాటితే 999కి ఫోన్ చేసి, ముందు పోలీసుని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగాలి. వచ్చేది జీతం తీసుకోని వాలంటీర్లు, మన దగ్గర డబ్బూ తీసుకోరు. పైన ఉన్న వాళ్ళకి దెబ్బ తగిలితే ఈల నిమిషానికి ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు సార్లు ఊదాలి. ఇంటి దగ్గరే మీ మొబైల్ నుంచి 999కి 'రిజిస్టర్' అని మెసేజ్ పంపి నమోదు చేసుకుంటే, మాట్లాడేంత సిగ్నల్ లేని చోట కూడా మెసేజ్ పోయే అవకాశం ఉంటుంది. రెండు నిమిషాల పని.