రేగడి మలిచిన గిత్త

మంగళగిరి కొండ దిగి దుగ్గిరాల వైపు వెళ్తే కాలవ కింది మాగాణి. తాడికొండ, పెదపరిమి వైపు తిరిగితే నల్లరేగడి మెట్ట. ట్రాక్టర్లు రాకముందు ఈ రెండు నేలల్లో పశువులూ వేరుగానే ఉండేవి. దమ్ము చేసే బురదలోకి ఎక్కువగా దున్నపోతులు దిగేవి. రేగడి దున్నాలన్నా, పంట బండికెత్తి బజారుకు చేర్చాలన్నా ఒంగోలు ఎద్దులే.

ఈ జాతిని మలిచింది ఆ రేగడే. అందులో బంకమన్ను పాలు ఎక్కువ. తడిస్తే ఉబ్బి కాలికీ కర్రుకూ అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చి రాయిలా బిగుసుకుంటుంది. వాన పడ్డాక పదును నిలిచే నాలుగు రోజుల్లోనే దుక్కీ విత్తనం అయిపోవాలి. అలాంటి చేలో పరుగుతో పనిలేదు. పొద్దస్తమానం ఒకే అడుగున లాగే బరువు, ఓర్పు కావాలి. పాత ఒంగోలు, కందుకూరు తాలూకాల రైతులు తరతరాలుగా ఈ గుణాలకే పశువును ఎంచుకుంటూ వచ్చారు. ఇంటి పెద్ద పోతే ఆయన పేర మేలైన కోడెదూడను చూసి, అచ్చు వేసి ఊరి మీదికి వదిలేవారు. దాన్ని ఎవరూ కట్టరు, ఎవరి చేలో మేసినా కొట్టరు. ఊళ్లో పుట్టే దూడలు చాలావరకు దాని సంతానమే. భక్తితో చేసిన ఆ పని నిజానికి చాలా పకడ్బందీ అయిన జాతి ఎంపిక.

దగ్గరగా చూస్తే ఎద్దు ఒంటి మీద ఆ ఎంపిక ఆనవాళ్లన్నీ కనిపిస్తాయి. వెంట్రుక తెల్లన, పొట్టి, నున్నన. దాని కింది చర్మం మాత్రం నల్లన. తెల్ల వెంట్రుక ఎండను వెనక్కి కొడుతుంది, నల్ల చర్మం అతినీలలోహిత కిరణాలను లోపలికి పోనివ్వదు. కాటుక పెట్టినట్టుండే కంటి అంచు, నల్లటి ముట్టె ఆ చర్మం రంగే. చెమట గ్రంథులు ఐరోపా పశువుల కన్నా పెద్దవి, ఒత్తుగా ఉంటాయి. మెడ కింద మడతలు మడతలుగా జారే గంగడోలు వల్ల గాలి తగిలే చర్మం పెరుగుతుంది. కొమ్ములు పొట్టి, మెడ పొట్టి, ఛాతీ వెడల్పు. ఎదిగిన ఎద్దు అర టన్నుకు పైనే తూగుతుంది.

మూపురం కండ, కొవ్వు కలిసిన ముద్ద. కాడి సరిగ్గా దాని ముందు ఆనుతుంది. ఎద్దు తల వంచి ముందుకు తోస్తే కాడి వెనక్కి జారకుండా మూపురమే ఆపుతుంది. గుర్రానికి ఈ వసతి లేదు. దాని భుజాల చుట్టూ మెత్తటి పట్టీ కడితే తప్ప బరువు లాగలేదు. మంచి జత రోజంతా చేసే దుక్కి పనిలో చూపే శక్తి ఇంచుమించు ఒక హార్స్‌పవర్, అంటే 746 వాట్లు. గుర్రం కన్నా నెమ్మదే. కానీ జొన్నచొప్ప, వరిగడ్డి తిని ఈ పని చేస్తుంది. గుర్రానికి గింజ పెట్టాలి.

బంకనేల ఇలాంటి పశువును మరోచోట కూడా తయారుచేసింది. ఇంగ్లండు తూర్పున సఫోక్ ప్రాంతపు బరువు నేలల్లో దుక్కి కోసం పెంచిన సఫోక్ పంచ్ గుర్రం ఎరుపు రంగుది, బలిష్ఠమైనది. కాళ్లకు జూలు ఉండదు కాబట్టి మట్టి అంటుకోదు. నేడున్న ఈ జాతి గుర్రాలన్నిటికీ మగవంశ మూలం 1768లో పుట్టిన ఒక్క పోతుగుర్రమే. ట్రాక్టరు వచ్చాక 1966లో నమోదైన పిల్లలు తొమ్మిదే. ఆ తొమ్మిది అనే లెక్క తెలియడానికి కారణం అక్కడ వంశావళి పుస్తకం రాస్తూ ఉండటం. అది ఉంది కనుకే మిగిలిన గుర్రాలను వెతికి జత కలపగలిగారు.

మన గిత్తకూ ఆ పుస్తకం పెట్టారు, అయితే బ్రెజిల్లో. 19వ శతాబ్దంలోనే అక్కడికి చేరిన ఈ జాతికి నెల్లూరు పేరు మీద 'నెలోర్' అని పేరు స్థిరపడింది. 1938లో నమోదు మొదలైంది. 1960 దశకం తొలి ఏళ్లలో మరో వందదాకా పశువులు వెళ్లాయి. వాటిలో ప్రకాశం జిల్లా కరవది ఊరి పేరే పెట్టుకున్న 'కర్వాది' అక్కడ పేరుమోసిన ఆబోతు. ఇవాళ బ్రెజిల్లో 20 కోట్లు దాటిన పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్, లేదా దాని సంకరం. వాళ్లకు కావలసింది మాంసం. ఆ పనికి తగ్గట్టు జాతిని మార్చుకున్నారు, అడుగడుగునా రాసిపెట్టుకున్నారు.

ఇక్కడ జరిగింది వేరు. జొన్న చేలు పొగాకుకు మారినచోట ముందు చొప్ప పోయింది. బీళ్లు పోయాయి. తర్వాత ట్రాక్టరు వచ్చి పనే పోయింది. లాగే బలానికి మిగిలిన ఒకే పరీక్ష బండలాగుడు పోటీ. సంక్రాంతికి, తిరునాళ్లకు గుంటూరు, కృష్ణా పల్లెల్లో బండ కదిలే చప్పుడు వినవచ్చు. పోటీకి ముందు గిత్త నోరు తెరిచి చూస్తారు. పశువుకు పైదవడన ముందుపళ్లు ఉండవు. కింది పాలపళ్లు ఊడి, జతజతగా పెద్దపళ్లు వస్తాయి. రెండేళ్లు దాటాక మొదటి జత, ఆపైన ఒక్కొక్కటీ. అందుకే రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. జనన ధ్రువపత్రం లేని పశువుకు అదే వయసు లెక్క. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగితే అంత గెలుపు.

ఈ పోటీల పుణ్యాన మేలైన కోడెలకు లక్షలు పెట్టి కొనేవాళ్లు ఉన్నారు. సంతోషమే. నా బాధ ఆవు గురించి. గిత్తకు ఉలవలు, పత్తిగింజలు పెట్టే చేతులు దాన్ని కన్న ఆవు దగ్గరికి వచ్చేసరికి వెనకాడుతున్నాయి. ఒంగోలు ఆవు పాలు సంకరజాతి ఆవుతో పోటీ పడవు, దుక్కి ఎద్దుకు గిరాకీ లేదు, ఇక దాన్ని పోషించేది దేనికి అని రైతు అడిగితే తప్పు పట్టలేం. గుంటూరు శివారు లాం పరిశోధన కేంద్రంలోనూ, నెల్లూరు జిల్లా చింతలదేవిలోనూ ప్రభుత్వ మందలున్నాయి, వీర్యం, పిండమార్పిడి పనులు సాగుతున్నాయి. కానీ జాతి ఫారాల్లోనే బతకదు, ఊళ్లలో ఆవులుండాలి.

బండలాగుడు నిర్వాహకులు తలచుకుంటే ఒక పని వచ్చే సంక్రాంతికే చేయవచ్చు. బరిలోకి దిగే ప్రతి గిత్త తల్లి ఏ ఊరిది, ఎవరింటిది, ఎన్ని ఈతలు ఈనింది, తండ్రి ఎవరు అన్నది పళ్లు చూసిన చోటే పుస్తకంలో రాయించాలి. బహుమతి సొమ్ములో ఒక వాటా ఆ తల్లిని మేపుతున్న రైతుకు ఇవ్వాలి.