ఆ సంతకం అసలుదేనా?



“నాన్నా, ధోనీ సంతకం పెట్టిన బ్యాట్ ఆన్‌లైన్‌లో ఐదు వేలేనట, కొందామా?” అని పిల్లలు అడిగితే వెంటనే కొనకండి, వెంటనే కాదనకండి. ముందు వాళ్లతో కలిసి పరిశీలించండి. తర్వాత నకిలీ అని తేలితే పోయేది డబ్బొక్కటే కాదు, పిల్లల సంబరం కూడా.

2011 ప్రపంచకప్ ఫైనల్‌లో ధోనీ వాడిన బ్యాట్ అదే ఏడాది లండన్‌లో, ఒక సేవా కార్యక్రమం కోసం జరిగిన వేలంలో, లక్ష పౌండ్లు పలికింది. ఆ ధర కేవలం సంతకానిది కాదు. అది ఆ మ్యాచ్‌లో ఆడిన బ్యాటేనన్న నమ్మకానిది.

కొనేముందు చూడాల్సినవి:

సిరానా, ముద్రా? భూతద్దంతో చూడండి. అచ్చువేసిన సంతకంలో సన్నని చుక్కలు కనిపించవచ్చు. చేత్తో పెట్టినదైతే గీత ఒకచోట ఒత్తుగా, మరోచోట పలచగా ఉంటుంది. ఒకే రకం బ్యాట్లన్నిటి మీదా సంతకం అచ్చం ఒకేలా ఉంటే అది ముద్రే.

ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీసుకున్నారో అమ్మేవారు చెప్పగలగాలి. ఫొటో ఉంటే మరీ మంచిది.

సర్టిఫికెట్ ఎవరిచ్చారు? అమ్మేవారే ఇచ్చిన కాగితాన్ని బట్టి నిర్ణయించలేం. 1990లలో అమెరికాలో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో నకిలీ ముఠాలను పట్టుకుంది. అప్పుడు దొరికిన వాటిలో మదర్ థెరిసా ‘సంతకం’ ఉన్న బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి! నకిలీ వస్తువు తయారుచేసేవారికి నకిలీ సర్టిఫికెట్ ఒక లెక్కా?

ఎలా ఉంది? వెలిసిన సిరా, తేమ మరకలు ధరను తగ్గిస్తాయి. మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. ఎండ పడని గోడకు, తేమ చేరని ఫ్రేములో ఉంచండి.

అన్నిటికన్నా మంచి దారి, పిల్లలే స్వయంగా సంతకం తీసుకోవడం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచే. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. అలాంటి క్రీడాకారులు ఎదురుపడితే మర్యాదగా అడగమని పిల్లలకు చెప్పండి. ఒక ఫొటో తీసి, తేదీ, ఊరు, సందర్భం వేరే కాగితం మీద రాయించి జతచేయండి.

సంతకంతో పాటు మీ అమ్మాయి పేరు కూడా రాసిస్తే బజారులో ధర కొంత తగ్గవచ్చు. మీ ఇంట్లో మాత్రం దాని విలువ పెరుగుతుంది.