కంప్యూటరునకు వ్రాసియిచ్చు చిన్న ఆజ్ఞలు

ఇంటిలో కత్తెర, సుత్తి, దబ్బనము మొదలగు చిన్న పనిముట్లు ఎట్టివో, కంప్యూటరుతో పనిచేయువారికి స్క్రిప్టులు అట్టివి. స్క్రిప్టు అనగా, యంత్రము వరుసగా చేయవలసిన పనులను కొన్ని పంక్తులలో వ్రాసియుంచిన ఆజ్ఞాపత్రము. ఒకే పనిని నూరుమారులు చేతితో చేయుటకు బదులు ఒక్కమారు ఆలోచించి వ్రాసిన చాలును. తరువాతి శ్రమ యంత్రమునది.

తోటలో ఒక రబ్బరు గొట్టమునకు మరియొకటి తగిలించినట్లు, ఒక ప్రోగ్రాము ఫలితమును మరియొక ప్రోగ్రామునకు అందింపవలెనని అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లో సూచించెను. ఆ ప్రయోగశాలలోనే పుట్టిన యూనిక్స్ వ్యవస్థలో కెన్ థామ్సన్ 1973లో దానిని అమర్చెను. వెదకునది ఒకటి, క్రమపరచునది ఒకటి, లెక్కించునది ఒకటి. ఇట్టి చిన్న ప్రోగ్రాములను కూర్చి పెద్ద పనులు చేయించుట నాటినుండి సులభమయ్యెను. 1991లో గైడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ భాషలో నేడు పాఠశాల బాలబాలికలును స్క్రిప్టులు వ్రాయగలరు.

ఇందు మాకు కలిగిన యొక అనుభవమును చెప్పెదము. ఒక వార్షికోత్సవపు ఫొటోలకు కెమెరా పెట్టిన పేర్లు మాకు అర్థము కాలేదు. తీసిన దినము, గంట, నిమిషము ననుసరించి వాని పేర్లు మార్చుటకై పైథాన్‌లో పది పంక్తులు వ్రాసితిమి. క్షణములో పని ముగిసెను. పిమ్మట లెక్కింపగా 212 ఉండవలసినచోట 194 మాత్రమే యుండెను. ఒకే నిమిషమున తీసిన రెండు ఫొటోలకు ఒకే పేరు వచ్చినందున, మేము వాడిన లినక్స్ వ్యవస్థలో రెండవది మొదటిదాని స్థానము నాక్రమించి దానిని తుడిచివేసెను. వేరొక ప్రతి మాయొద్ద లేదు. పోయినవానిలో, ఆ యేడు పని విరమించిన కావలి తాతగారి చిత్రమొకటి. ఆయన వచ్చి అడిగినప్పుడు మేము తలవంచుకొంటిమి. యంత్రము తప్పు చేయలేదు. మేము వ్రాసినదానినే చేసెను.

అప్పటినుండి మూడు నియమములను పాటించుచున్నాము. మొదటిది, స్క్రిప్టును అసలు ఫైళ్లపై గాక నకలుపై నడుపవలెను. రెండవది, పని చేయుటకు ముందు పాత పేరును, రాబోవు పేరును తెరపై చూపుమని మాత్రమే ఆజ్ఞాపించి, ఆ పట్టికను చదువవలెను. మూడవది, కొత్త పేరు ఇదివరకే యున్నచో ఆగుమని వ్రాయవలెను.

యంత్రభాగములతో చేయు ప్రయోగములకును ఇదియే మార్గము. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున పుట్టిన ఆర్డుయినో అను చిన్న పలకతో నీళ్ల ట్యాంకు మోటారును నడుపదలచినచో, మొదట మోటారునకు బదులు చిన్న ఎల్.ఇ.డి. దీపమును తగిలింపుడు. ట్యాంకు నిండగనే దీపము ఆరుచున్నదా యని పలుమారులు చూడుడు. ఇంటి విద్యుత్తుతో కలుపు పనిని మాత్రము తెలిసిన పెద్దలకే విడువవలెను.

విద్యార్థులారా, పది పంక్తుల స్క్రిప్టు వ్రాయుట కొలదిదినములలో నేర్వవచ్చును. వ్రాసినదానిని నమ్ముటకు ముందు పరీక్షించు అలవాటును దానితోపాటే నేర్చుకొనుడు. మేము దానిని ఆలస్యముగా నేర్చితిమి. తాతగారి చిత్రము తిరిగి రాలేదు.