నీళ్లన్నీ కాగక్కర్లేదు

నీళ్లు కాచి చల్లార్చి తాగితే మేలని అందరికీ తెలుసు. వేడికి సూక్ష్మజీవుల ప్రోటీన్లు చెడిపోతాయి, వాటిని చుట్టి ఉండే పొర చితికిపోతుంది. ఇబ్బందల్లా ఖర్చుతోనే. 30 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటిని 100 డిగ్రీలకు తేవాలంటే సుమారు 293 కిలోజౌళ్ల శక్తి కావాలి. అందులో బాక్టీరియాను వేడిచేయడానికి పట్టేది లెక్కలోకి రాదు, మిగతాదంతా నీటికే పోతుంది. మరి బాక్టీరియా చేరే చోటును మాత్రమే వేడెక్కించగలిగితే?

వెలుగు సోకితే వేడెక్కే నానో పదార్థాలతో ఇది వీలవుతుంది. మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. ఇ.కోలి బాక్టీరియా పొడవు దాదాపు 2000 నానోమీటర్లు. అంతకంటే ఎంతో చిన్నవైన బంగారు కణాల మీద వెలుగు పడితే వాటిలోని ఎలక్ట్రాన్లు ఒక్కుమ్మడిగా ఊగుతాయి, ఆ ఊపు వేడిగా మారుతుంది. అయితే బంగారం ఖరీదెక్కువ. కార్బన్‌తో తయారయ్యే గ్రాఫీన్ రేకులు ఎండలోని అన్ని రంగులనూ పీల్చుకుని ఇదే పని చేస్తాయి.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శ్రీకాంత్ సింగమనేని, యంగ్-షిన్ జున్ బృందాలు ఈ రేకులతో నీటిని వడగట్టే పొర తయారుచేసి, ఆ వివరాలను 2019లో ప్రచురించాయి. మామూలు ఫిల్టర్ పొర మీద బాక్టీరియా చేరి, పెరిగి, జిగురులా పేరుకుంటుంది. రంధ్రాలు మూసుకుపోయి నీటి ధార సన్నబడుతుంది. వీళ్లు పట్టుకున్నది ఆ సమస్యనే.

పొరను అల్లే పని ఒక బాక్టీరియాకే అప్పగించారు. గ్లూకనాసిటోబాక్టర్ అనే ఆ జీవి సన్నని సెల్యులోజ్ పోగులు వదులుతుంది. అది పెరిగే ద్రవంలో ఆక్సిజన్ చేరిన గ్రాఫీన్, అంటే గ్రాఫీన్ ఆక్సైడ్ రేకులు కలిపితే, పోగులు అల్లుకుంటూ వాటిని తమ మధ్య బిగించేసుకున్నాయి. తర్వాత క్షార ద్రావణంలో ఉంచితే అల్లిన బాక్టీరియా చనిపోయింది, రేకుల్లోని ఆక్సిజన్ కూడా చాలావరకు తొలగిపోయింది. అలా తయారైన పొర మీద ఇ.కోలిని చేర్చి వెలుగు ప్రసరింపజేశారు. పొర 70 డిగ్రీలు దాటింది. మూడు నిమిషాల్లో బాక్టీరియా చచ్చింది.

దీనికి చేతకాని పనులూ ఉన్నాయి. నీటిలో కరిగిన లవణాలను వేడి తీసేయలేదు కాబట్టి నల్లగొండ భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్‌కు ఇది మందు కాదు. క్లోరిన్ కలిపిన నీటికి బిందెలోనూ కొంత రక్షణ ఉంటుంది, ఇక్కడ అదీ ఉండదు. మురికి చేయి ముంచితే నీళ్లు మళ్లీ కలుషితమైనట్టే. బురద నీటిలో వెలుగు పొరదాకా చేరదు. రేకులు ఊడి తాగే నీటిలో కలవకూడదు, పొర నెలల తరబడి మన్నాలి.

మూడు నిమిషాల ప్రయోగం కంటే ఈ పరీక్షలు కష్టమైనవి. వాటిని ఎండకు కొదవలేని, వంటచెరకుకు కటకటలాడే ఊళ్లలోనే పెట్టాలి. శుభ్రమైన నీళ్లు లేక పసిపిల్లలు విరేచనాలతో ప్రాణాలు పోగొట్టుకుంటున్నది అలాంటి చోట్లనే. ఈ విజ్ఞానం విలువ తేలాల్సిందీ అక్కడే.